లారీ కంటే ముందు కాగితాలు: సైనిక కుటుంబాల బదిలీ ప్రశ్నలు

పోస్టింగ్ వచ్చిందంటే ఆయన ఒక బ్యాగుతో బయల్దేరతాడు. ఇల్లంతా ఆవిడ నెత్తిన పడుతుంది. ఏటా స్కూళ్ళ పరీక్షలు దగ్గరపడే వేళకి మాకు ఇలాంటి ఉత్తరాలు కట్టలుగా వస్తాయి. ఈ నెల ప్రశ్నలు–జవాబులు పూర్తిగా వాటికే కేటాయించాం. చాలామంది లారీల గురించే అడిగారు. నిజానికి డబ్బు పోయేదీ, పిల్లల చదువు చిక్కులో పడేదీ ఎక్కువగా కాగితాల దగ్గరే. అందుకని అడగనివాళ్ళకి కూడా కాగితాల సంగతి కాస్త ఎక్కువే చెప్పాం.

ప్రశ్న: మావారు హవల్దారు. సికింద్రాబాద్ నుంచి జలంధర్ వేశారు. రెండు నెలలు టైముంది. ప్యాకర్స్ వాళ్ళలో ఒకరు 95,000 అన్నారు, ఇంకొకరు 58,000కే చేస్తామంటున్నారు. ప్రభుత్వం ఎంత ఇస్తుంది? మా చేతి నుంచి ఎంత పడుతుంది?
— ఒక సోదరి, గిద్దలూరు

జవాబు: ముందు మీకు రావలసింది లెక్కేద్దాం, తర్వాత లారీ సంగతి.

ఇప్పుడు నడుస్తున్న 7వ వేతన సంఘం ఉత్తర్వుల్లో సామాను రవాణాకి పే లెవెల్‌ని బట్టి పరిమితి పెట్టారు. సిపాయి, నాయక్ అయితే 1,500 కిలోలు, కిలోమీటరుకి 15 రూపాయలు. హవల్దారు లెవెల్ 5 కాబట్టి 3,000 కిలోలు, 25 రూపాయలు. నాయబ్ సుబేదార్ నుంచి పైవాళ్ళకి 6,000 కిలోలు, 50 రూపాయలు. డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ రేట్లు 25 శాతం పెరగాలని ఆ ఉత్తర్వులోనే ఉంది. 2024 జనవరిలో డీఏ 50 శాతానికి చేరింది. అంటే మీ రేటు 31 రూపాయల 25 పైసలు. సికింద్రాబాద్ నుంచి జలంధర్‌కి రోడ్డు మీద సుమారు 1,950 కిలోమీటర్లు అనుకుంటే 60,900 చిల్లర వస్తుంది. క్లెయిములో మాత్రం యూనిట్ ఆఫీసు తీసుకున్న దూరమే చెల్లుతుంది. మీ ఫోను మ్యాపు చూపించేది కాదు.

ఇది కాక కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ ఉంది, ఆఫీసులో సీటీజీ అంటారు. ఆఖరి నెల మూలవేతనంలో 80 శాతం. మిలిటరీ సర్వీస్ పే ఇందులో కలవదు, చాలామంది కలిపి లెక్కేసుకుని తర్వాత తగ్గిందని బాధపడతారు. మీవారి మూలవేతనం 33,900 అయితే గ్రాంటు 27,120. అండమాన్, లక్షద్వీప్‌లకి వెళ్ళినా, అక్కడి నుంచి వచ్చినా నూరు శాతం ఇస్తారు.

ఇప్పుడు 95,000 కొటేషను చూడండి. అందులో 60,900 రవాణా కింద వస్తే మిగిలేది 34,100. సీటీజీ 27,120 దానికి సర్దితే మీ చేతి నుంచి పడేది ఏడు వేలు. కుటుంబం రైలు ఛార్జీలు వేరే పద్దు, అవి రైల్వే వారంటు (డబ్బుకి బదులు యూనిట్ ఇచ్చే ప్రయాణ పత్రం) మీదో, డిఫెన్స్ ట్రావెల్ సిస్టంలో బుక్ చేసిన టిక్కెట్ల మీదో పోతాయి.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఆ 60,900 మీకు కట్టిచ్చేసే మొత్తం కాదు. నిజంగా అయిన ఖర్చు, పరిమితి, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. 58,000కి తీసుకెళ్తే 58,000 వస్తాయి, అంతే. కాబట్టి చవక లారీ వల్ల మీకు మిగిలేది అనుకున్నంత ఉండదు.

పైగా ఆ 58,000 వాళ్ళని ఒక ప్రశ్న అడగండి: “లారీ మొత్తం మాదేనా, పార్ట్ లోడా?” ఆ రేటుకి సాధారణంగా పార్ట్ లోడే ఉంటుంది. అంటే మీ సామాను నాగపూర్‌లోనో ఢిల్లీలోనో ఒక గోడౌన్‌లో దించి ఇంకో బండికి ఎక్కిస్తారు. వస్తువులు పగిలేది దారిలోని గుంతల వల్ల కంటే ఈ ఎక్కించడం దించడం వల్లే. రెండు బెడ్‌రూముల ఇంటికి సాధారణంగా 14 అడుగుల కంటైనరు సరిపోతుంది, సోఫా, డబుల్ కాట్లు రెండూ ఉంటే 17 అడుగులది చూడాలి. లారీ అంతా మీదే అయినప్పుడు లోడు చేశాక మీ సొంత తాళం వేయండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.

మనిషిని ఇంటికి పిలిచి సామాను చూపించి రాయించుకున్న కొటేషను తప్ప ఫోనులో చెప్పిన రేటుకి విలువ లేదు. ప్యాకింగ్, ఎక్కించడం, దించడం, టోలు, జీఎస్టీ, పై అంతస్తు మోత అన్నీ కలిపేనా అని ఆ కాగితం మీదే రాయించండి. అడ్వాన్సు 10–20 శాతం దాటనివ్వకండి. లోడయ్యాక దారిలో ఆపి “ఇంకో పదిహేను వేలు వేస్తేనే కదులుతుంది” అనే రకం ఉంటారు. వాళ్ళ దగ్గర మీ డబ్బు ఎంత తక్కువ ఉంటే మీ మాట అంత చెల్లుతుంది.

క్లెయిముకి కావలసినవి: జీఎస్టీ నంబరున్న బిల్లు, లారీ రసీదు (డ్రైవర్లు బిల్టీ అంటారు), దాని మీద లారీ నంబరు, బయల్దేరిన తేదీ, చేరిన తేదీ, బరువు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారం, మూవ్‌మెంట్ ఆర్డరు నకలు. క్లెయిములు తిరిగొచ్చేది ఎక్కువగా బిల్లులో ఒక నంబరు, బిల్టీలో ఇంకో నంబరు ఉన్నప్పుడు. సామాను మీరే ఏదోలా చేర్చుకుని బిల్లు మాత్రం కొనుక్కోమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి స్టేషన్‌లోనూ ఉంటారు. ఆ బిల్లులోని బండి నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూస్తే అది లారీయో, ఆటోయో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. డబ్బుతో పాటు ఆయన సర్వీసు రికార్డు కూడా పాడవుతుంది. ప్రయాణం ముగిసిన 60 రోజుల్లో క్లెయిము పెట్టాలి. చేతిలో డబ్బు లేకపోతే బయల్దేరకముందే టీఏ (ప్రయాణ భత్యం) అడ్వాన్సుకి దరఖాస్తు పెట్టమనండి.

ప్రశ్న: విశాఖ నుంచి కార్వార్ వెళ్తున్నాం. పోయినసారి బదిలీలో ఆవకాయ జాడీ లారీలో పగిలి పట్టుచీరల పెట్టెలోకి నూనె కారింది. ఫ్రిజ్ వెళ్ళగానే ఆన్ చేస్తే నెలకే కంప్రెసర్ పోయింది. ఈసారైనా సరిగ్గా సర్దడం ఎలా?
— నేవీ నావికుడి భార్య, శ్రీకాకుళం జిల్లా

జవాబు: జాడీతోనే మొదలుపెడదాం. ఊరగాయ ఉన్న పింగాణీ జాడీ లారీ ఎక్కకూడదు, ఎంత బాగా వాసెన కట్టినా సరే. ఎండాకాలంలో మూసిన కంటైనరు లోపల పొయ్యిలా ఉంటుంది. వేడికి నూనె ఉబ్బి పైకొస్తుంది, గుడ్డ దాన్ని ఆపలేదు. ఊరగాయని మరమూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి. మెడ దాకా నింపకుండా రెండంగుళాలు ఖాళీ వదలండి. మూత కింద దళసరి ప్లాస్టిక్ కాగితం, మూత చుట్టూ టేపు, ఆ డబ్బాలన్నీ ఒక బకెట్లో. ఆ బకెట్టు మీతో రైల్లో రావాలి. ఖాళీ జాడీ లోపల, బయట పాత చీరలు చుట్టి లారీలో పంపండి. కార్వార్ వెళ్ళాక ఊరగాయ తిరిగి జాడీలోకి వేసి, ముక్క మునిగేలా కాచి చల్లార్చిన నూనె పోయండి. ఆ తీరపు తేమకి నూనె పైకి తేలిన ముక్క వారంలో బూజు పడుతుంది.

ఫ్రిజ్: ఒక రోజు ముందే ఆపేయండి. మంచంతా కరగనిచ్చి, పొడిగా తుడిచి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. లోపలి గాజు అరలు తీసి విడిగా కట్టాలి. లారీలో నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గ్యాసు గొట్టాల్లోకి పాకుతుంది. అది వెనక్కి దిగకముందే స్విచ్చి వేస్తే కంప్రెసర్ నూనె లేకుండా తిరుగుతుంది. మీది అలాగే పోయి ఉంటుంది. నిలబెట్టి తెచ్చినా నాలుగు గంటలు ఆగండి. పడుకోబెట్టారని అనుమానం వస్తే ఒక రోజంతా ఆగండి. వాసన రాకుండా లోపల కాస్త కాఫీ పొడి గుడ్డలో కట్టి పెడితే చాలు.

ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు వెనక పొడుగాటి బోల్టులు కొన్ని ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసినతను అవి తీసి మీ చేతికిచ్చి ఉంటాడు. అవి మళ్ళీ బిగించకుండా లారీ ఎక్కిస్తే లోపలి డ్రమ్ము దారంతా ఊగి షాక్ అబ్జార్బర్లు పోతాయి. పోగొట్టుకుని ఉంటే కంపెనీ సర్వీసు వాళ్ళని అడిగి తెప్పించండి. కొత్త ఇంట్లో మొదట అవి విప్పాకే నీళ్ళు పెట్టండి. మరచిపోతే మెషీన్ గదంతా గెంతుతుంది.

టీవీని పరుపుల మధ్య పెట్టి తాడు బిగించడం మన ఇళ్ళలో అందరూ చేసే పని, ఎక్కువ టీవీలు పగిలేది కూడా అలాగే. మెత్తదనం బాగుంటుందేగాని తాడు బిగువు మధ్యలో నొక్కి ప్యానెల్ చిట్లుతుంది. సొంత అట్టపెట్టె ఉంటే అందులో, లేకపోతే రెండువైపులా థర్మోకోల్, ప్లైవుడ్ పలకలు పెట్టి నిలువుగా ఉంచాలి. గ్రైండర్ రాళ్ళు బయటికి తీసి విడివిడిగా గోనెలో చుట్టండి. పుస్తకాలకి చిన్న పెట్టెలే వాడండి. ఒక్కోటి 15 కిలోలు దాటితే కూలీ విసిరేస్తాడు, తప్పు అతనిది కాదు.

నల్ల ట్రంకు పెట్టెలకి రెండు పక్కలా, మూత మీదా తెల్లరంగుతో వరస నంబరు వేయండి. మీ ఫోను నంబరు చాలు, యూనిట్ పేరు, వెళ్ళే చోటు పెట్టె మీద రాయడం పాత అలవాటేగానీ ఇప్పుడు మానడం మంచిది. ఒక నోటుపుస్తకంలో నంబరు, లోపలున్నవి, పరిస్థితి రాసుకోండి. మూత వేసేముందు ఒక ఫోటో. లారీవాడి లిస్టులో “గృహోపకరణాలు 32 పెట్టెలు” అని ఉంటే మీకు పనికిరాదు. “టీవీ 43 అంగుళాలు, గీత లేదు” అని ఉండాలి.

ఒక పెట్టె ఆఖరున ఎక్కించండి, ముందు అదే దిగుతుంది. అందులో: రైస్ కుక్కర్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, రెండు బల్బులు, బకెట్టు, మగ్గు, స్క్రూడ్రైవర్, మేకులు, దారం, రెండు పాత దుప్పట్లు పరదాలకి, రెండు మంచి తాళాలు. కొత్త క్వార్టర్‌కి తాళం మీరే తెచ్చుకోవాలి, రాత్రి ఎనిమిదింటికి వెతుక్కుంటే దొరకదు.

లారీలో వేయకూడనివి: నగలు, సర్టిఫికెట్లు, సర్వీసు కాగితాలు, నిండు గ్యాస్ సిలిండరు, ట్యాంకులో పెట్రోలున్న స్కూటరు. గ్యాస్ సిలిండర్లు, రెగ్యులేటరు డీలరుకి తిరిగిచ్చేసి టెర్మినేషన్ వోచరు తీసుకోండి. మీ డిపాజిట్ వెనక్కిస్తారు, కొత్త ఊళ్ళో ఆ వోచరు చూపిస్తే కనెక్షన్ ఇస్తారు. పొయ్యి మాత్రం మీ సొంతం. సైనిక క్యాంటీన్‌లో కొన్న మద్యం సీసాలు కూడా లారీలో వద్దు. గుజరాత్, బీహార్ దారిలో ఉంటే అక్కడ మద్యనిషేధం. ఒక్క సీసా కోసం లారీ మొత్తం స్టేషన్‌లో నిలబడుతుంది. ఇంకో సంగతి, వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు. చెక్‌పోస్టులో దాని పేరు చెప్పి డబ్బడిగారని డ్రైవరు ఫోను చేస్తే తొందరపడి పంపకండి.

ప్రశ్న: సామాను వచ్చింది. బీరువా తలుపు ఒంగిపోయింది, మిక్సీ లేదు. “ఇన్సూరెన్స్ ఉందిగా” అంటూ ఆరువారాలుగా తిప్పుతున్నారు. ఏం చేయాలి?
— బఠిండా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాలసీ నంబరు అడగండి. చాలామంది ప్యాకర్స్ సామాను విలువలో రెండు మూడు శాతం ‘ఇన్సూరెన్స్’ పేరుతో తీసుకుంటారు, కానీ ఏ బీమా కంపెనీకీ కట్టరు. మీ పేరుతో బీమా సర్టిఫికెట్ ఉంటేనే అది ఇన్సూరెన్స్. ఉంటే వెంటనే ఆ బీమా కంపెనీకే నేరుగా చెప్పండి. చాలా పాలసీల్లో గడువు రోజుల్లోనే ఉంటుంది, ఇప్పటికే ఆలస్యమైంది.

లేకపోతే రవాణా సంస్థకి రాతపూర్వకంగా నోటీసు పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లో నోటీసు అందకపోతే తర్వాత దావా చెల్లదు. నెలల తరబడి తిప్పేవాళ్ళకి ఆ గడువు తెలుసు. బుకింగప్పుడు విలువ ఎక్కువ చూపించి ఉండకపోతే వాళ్ళ బాధ్యత కట్టిన కిరాయికి పదింతలు దాటదు. అందుకే విలువ తక్కువ రాయించడం పొదుపు కాదు.

ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇప్పుడు మీరుంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, లారీ ఎక్కించిన ఊరికి వెళ్ళక్కర్లేదు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఇకముందు సామాను దిగేటప్పుడు డెలివరీ కాగితం మీద “సామాను సరిగ్గా అందింది” అని సంతకం చేయకండి. పెట్టెలు విప్పి చూడలేదని, పైకి కనిపించే నష్టం ఇదని రాసి చేయండి.

ప్రశ్న: మావారికి విశాఖ నుంచి ఢిల్లీ పోస్టింగ్. పాప కేంద్రీయ విద్యాలయంలో తొమ్మిది పూర్తి చేస్తోంది. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, స్టేట్ బోర్డు. ఇద్దరినీ తీసుకెళ్ళాలా? రేపు ఈఏపీసెట్‌లో నాన్‌లోకల్ అవుతారని బంధువులు భయపెడుతున్నారు.
— గాజువాక

జవాబు: పాప విషయం తేలిక. తండ్రి బదిలీ మీద ఒక కేవీ నుంచి ఇంకో కేవీకి వెళ్ళే పిల్లలకి లాటరీ లేదు, ప్రవేశపరీక్షా లేదు. కేవీ టీసీ, బదిలీ ఉత్తర్వు చాలు. అదే బయటి స్కూలు నుంచి కేవీ తొమ్మిదిలోకి రావాలంటే పరీక్ష రాయాలి, సీటూ ఖాళీ ఉండాలి. అందుకే చిన్నప్పుడే ఒకసారి కేవీలో వేస్తే తర్వాతి బదిలీలన్నీ సాఫీగా పోతాయి. కేవీలంటే పెదవి విరిచే తల్లిదండ్రులు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

కాకపోతే సీబీఎస్ఈ పదో తరగతికి రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే అయిపోతుంది. పదిలో స్కూలు మారాలంటే తండ్రి బదిలీ లాంటి కారణం, బోర్డు అనుమతి కావాలి. కాబట్టి కొత్త స్కూలుకి టీసీతో పాటు తొమ్మిది మార్కుల జాబితా, రిజిస్ట్రేషన్ నంబరు, బదిలీ ఉత్తర్వు, కొత్త యూనిట్లో చేరినట్టు సర్టిఫికెట్ కలిపి ఇవ్వండి. ఏప్రిల్‌లోనే చేరితే పని సులువు. పాత స్కూలు వదిలేముందు ఇంకొకటి అడగండి: యూడైస్ పోర్టల్‌లో (స్కూలు పిల్లల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు) పాప పెన్ నంబరుని, అంటే శాశ్వత విద్యార్థి నంబరుని, విడుదల చేశారా అని. అది చేయకపోతే కొత్త స్కూలు వాళ్ళ లిస్టులోకి పాప పేరు ఎక్కదు. అప్పుడు రెండువేల కిలోమీటర్ల అవతల నుంచి క్లర్కుకి ఫోన్లు చేయాల్సి వస్తుంది. రెండో భాష, మూడో భాష ఏమిటో కూడా ముందే కనుక్కోండి. పదిలో కొత్త భాష మొదలుపెట్టడం ఏ పిల్లకీ న్యాయం కాదు.

బాబుని కదపవద్దని మా సలహా. ఇంటర్ మొదటి ఏడాది నుంచి సీబీఎస్ఈ పన్నెండుకి మారడం కాగితం మీద సాధ్యమే అయినా పాఠాలూ కలవవు, పరీక్ష తీరూ కలవదు. కాలేజీ సొంత హాస్టల్లో చేర్చి రెండో ఏడాది అక్కడే పూర్తి చేయించండి. ఇల్లు 50 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉంటే హాస్టల్ సబ్సిడీ వస్తుంది. 2024 జనవరి నుంచి నెలకి 8,437 రూపాయల 50 పైసలు గరిష్ఠం. చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ నెలకి 2,812 రూపాయల 50 పైసలు. రెండూ కలిపి తీసుకోవచ్చు. ఏడాది మధ్యలో స్కూలు మారిన పిల్లల అలవెన్స్ క్లెయిముకి రెండు స్కూళ్ళ ప్రిన్సిపాళ్ళ నుంచీ సర్టిఫికెట్లు తీసుకోవాలి, పాత స్కూలుది టీసీతో పాటే.

లోకల్ సంగతి: 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత లెక్కలో ముఖ్యం అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళ చదువు. బాబు ఇక్కడే ఇంటర్ పూర్తి చేస్తే, అంతకుముందు రెండేళ్ళూ ఇక్కడే చదివి ఉంటే చిక్కు లేదు. పాప బయట చదివితే ఆ లెక్క తెగిపోతుంది. అప్పుడు మిగతా 15 శాతం సీట్లు, సైనికుల పిల్లల కోటా చూసుకోవాలి. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ప్రతి స్కూలు వదిలేటప్పుడే స్టడీ సర్టిఫికెట్ వేరుగా తీసుకుని ఒక ఫైల్లో పెట్టండి. ఏడేళ్ళ తర్వాత జోధ్‌పూర్ స్కూలుకి మనిషిని పంపి తెప్పించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి నాయక్. ఫీల్డుకి (కుటుంబాన్ని వెంట ఉంచుకోలేని చోటికి) వేశారు. కోడలికి ఏడో నెల. క్వార్టర్ ఖాళీ చేసి వెంటనే మా ఊరు తెచ్చేయాలా? ఎస్ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ, అంటే భర్త ఫీల్డులో ఉన్న కుటుంబాలకిచ్చే) క్వార్టర్లో ఉంచమని కొందరంటున్నారు.
— మాజీ సైనికుడు, తాడేపల్లిగూడెం

జవాబు: తొందరేం లేదండి. బదిలీ నియమం ప్రకారం కుటుంబం ఆయన కంటే ఒక నెల ముందు నుంచి, తర్వాత ఆరు నెలల దాకా కదలవచ్చు. ఖర్చు క్లెయిము చేసుకునే హక్కు అంతవరకూ ఉంటుంది. ఫీల్డుకి వెళ్ళేవాళ్ళ కుటుంబం తాము ఎంచుకున్న ఊరికి వెళ్ళవచ్చు, లేదా ఎస్ఎఫ్ క్వార్టర్‌కి పేరు పెట్టుకోవచ్చు. ఎంచుకున్న ఊరు ఏదో కాగితం మీద ప్రకటించాలి, అది తర్వాత మార్చడం కష్టం. కాన్పు మీ ఊళ్ళో అనుకున్నా, ఆ తర్వాత రెండేళ్ళు ఆ అమ్మాయి ఎక్కడుంటుందో ఆమెనే అడిగి నిర్ణయించండి.

ఏడో నెలలో లారీ పక్కన నిలబడి పెట్టెలు లెక్కపెట్టే పని ఆమెకి వద్దు. రైలైతే కింది బెర్తు, విమానమైతే 28 వారాలు దాటాక సంస్థను బట్టి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. మిలిటరీ ఆసుపత్రి నుంచి స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు, టీకాల కార్డు, డిపెండెంట్ కార్డు అసలువి చేతిసంచిలో ఉండాలి. మీకు దగ్గరి మిలిటరీ ఆసుపత్రి ఎంత దూరమో చూసుకుని, అత్యవసరమైతే బయటి ఆసుపత్రిలో చేర్చాక ఎవరికి, ఎన్ని గంటల్లో సమాచారం ఇవ్వాలో అబ్బాయి వెళ్ళేలోపే యూనిట్లో రాయించి తీసుకోమనండి.

ప్రశ్న: క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ‘డ్యామేజీ’ అని డబ్బు కోస్తున్నారు. ఇదెలా తప్పించుకోవాలి? పిల్లల పరీక్షల కోసం ఇంకో రెండు నెలలు ఉండొచ్చా?
— తిరుమలగిరి, సికింద్రాబాద్

జవాబు: ఖాళీ చేసే రోజు కాదు, దిగిన రోజు తప్పించుకోవాలి. మార్చింగ్ ఇన్ అప్పుడు, అంటే క్వార్టర్ మీకు అప్పగించేటప్పుడు, ఎంఈఎస్ (సైనిక క్వార్టర్ల మరమ్మతులు చూసే విభాగం) వాళ్ళిచ్చే జాబితాలో ఫ్యాన్లు, ట్యూబులు, కుళాయిలు, కిటికీ అద్దాలు, గడియలు వరసగా ఉంటాయి. సంతకం పెట్టేముందు ఒక్కోటీ వేసి చూసి, పగిలినవి, పోయినవి అక్కడే రాయించండి, ఫోటోలు తీయండి. మార్చింగ్ అవుట్‌లో, అంటే తిరిగి అప్పగించేటప్పుడు, మొదట చూసేది కూడా ఇవే. ఖాళీ చేయడానికి మూడు వారాల ముందు మీరే ఒకసారి చూసుకుని, బయట 60 రూపాయలకి దొరికే కుళాయి మీరే మార్పించుకుంటే మంచిది. కరెంటు మీటరు రీడింగ్, అద్దె ఫర్నిచర్ అప్పగింత, నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం), వేకేషన్ రిపోర్టు (ఇల్లు ఖాళీ చేసినట్టు కాగితం) నాలుగూ చేతికి రాకుండా ఊరు వదలకండి. వేకేషన్ రిపోర్టు వెళ్ళకపోతే ఆయన జీతంలో ఆ ఇంటి అద్దె కోత సాగుతూనే ఉంటుంది.

పరీక్షల కోసం ఉండొచ్చు, కానీ స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి ముందే దరఖాస్తు పెట్టి, స్కూలు సర్టిఫికెట్ జతచేసి, అనుమతి కాగితం తీసుకోవాలి. నోటిమాట మీద ఉండిపోతే డ్యామేజ్ రెంటు పడుతుంది. అది మామూలు అద్దెకి ఎన్నో రెట్లు. కొత్త స్టేషన్‌లో క్వార్టర్ దొరికేదాకా బయట ఇల్లు తీసుకుంటే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ (క్వార్టర్ ఖాళీ లేదనే కాగితం) చేరిన వెంటనే అడగండి, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) దాని మీదే ఆధారపడుతుంది. అద్దె ఒప్పందంలో “క్వార్టర్ వచ్చినా, బదిలీ అయినా నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చు” అనే ముక్క తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: ఆంధ్ర నంబరున్న స్కూటరు, కారు ఉన్నాయి. పఠాన్‌కోట్ తీసుకెళ్ళాలి. బీహెచ్ నంబరుకి మారితే మంచిదా?
— కడప

జవాబు: వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి. దానికి పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ కావాలి. లోను ఉంటే ముందు బ్యాంకు ఎన్ఓసీ. లోను తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించుకోనివాళ్ళు ఇక్కడే ఆగిపోతారు.

మూడేళ్ళకోసారి రాష్ట్రం మారేవాళ్ళకి బీహెచ్ (భారత్) సిరీస్, అంటే రాష్ట్రం మారినా మళ్ళీ రిజిస్టర్ చేయించక్కర్లేని నంబరు, మేలే. 2021 సెప్టెంబరు 15 నుంచి ఉంది. రక్షణ సిబ్బందికి గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోతుంది. పాత బండినీ మార్చుకునే వీలు 2022 డిసెంబరు నుంచి ఇచ్చారు. అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా అమలు కావడంలేదు గనుక మీ ఆర్టీవోలో నడుస్తోందో లేదో ముందు అడగండి. పన్ను రెండేళ్ళకోసారి కట్టాలి. గడువు మరిచిపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పెరుగుతుంది, ఫీల్డులో ఉన్న మనిషికి అది గుర్తుండదు, మీరే క్యాలెండర్‌లో రాసుకోండి.

లెవెల్ 5 దాకా ఉన్నవాళ్ళకి ద్విచక్ర వాహనం రవాణా మాత్రమే వస్తుంది, కారు ఖర్చు సొంతం. స్కూటరు రైలు పార్సిల్‌లో వేస్తే ఒక రోజు ముందు వెళ్ళి, పెట్రోలు పూర్తిగా తీసి, అద్దాలు విప్పి, హెడ్‌లైటు మీద గోనె రెండు మడతలు వేయించండి. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి. చేరాక ఆలస్యంగా విడిపిస్తే వార్ఫేజ్ (ఆలస్యానికి రైల్వే వేసే రుసుము) పడుతుంది.

ప్రశ్న: నేను బీఈడీ చేశాను. ప్రతి రాష్ట్రంలో మళ్ళీ టెట్ రాయాలా?
— మార్కాపురం

జవాబు: రాష్ట్ర టెట్ ఆ రాష్ట్రానికే ఉపయోగపడుతుంది. మీరు సీటెట్ (కేంద్ర టెట్) రాయండి. కేంద్రీయ విద్యాలయాలకి దేశమంతా అదే, 2021 నుంచి ఆ సర్టిఫికెట్‌కి కాలపరిమితి లేదు. ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళకి ఏడబ్ల్యూఈఎస్ (ఆ స్కూళ్ళని నడిపే సొసైటీ) పెట్టే ఆన్‌లైన్ స్క్రీనింగ్ టెస్టు స్కోరు కార్డు కూడా ఉంచుకోండి. ప్రతి స్కూలు వదిలేటప్పుడు అనుభవ పత్రం మీద చేరిన తేదీ, వదిలిన తేదీ, బోధించిన తరగతులు రాయించి, ప్రిన్సిపాల్ సంతకం కింద స్కూలు అఫిలియేషన్ నంబరు కూడా వేయించుకోండి.